గ్రౌండ్ క్లియరెన్స్ మహాత్మ్యం

కారు కొనేటప్పుడు సొంత బుర్ర వాడేవాణ్ణి మించిన మూర్ఖుడు ఈ భూప్రపంచంలో లేడు!

ఊరినిండా కార్ల ఓనర్లు ఉన్నారు. ప్రతి ఓనర్ దగ్గరా ఒక అభిప్రాయం ఉంది. అడిగితే చెబుతారు, అడగకపోతే ఇంటికొచ్చి చెబుతారు. ఇంత సంపద ఉచితంగా పంచుతుంటే మన బుర్రను మనం అరగదీసుకోవడం దేనికి? పెళ్లి సంబంధానికి ఏడు తరాలు చూస్తామే, కారుకు కనీసం ఏడుగురు ఓనర్లనైనా చూడవద్దా?

గిట్టనివాళ్లు కొందరుంటారు. ఈ అభిప్రాయాలన్నీ తలనొప్పి అంటారు. అలాంటివాళ్లు మేడ్చల్ భాస్కర్ కథ వినాలి. విన్నాక కూడా మనసు మారకపోతే వాళ్లకు సైకిలే గతి.

భాస్కర్ తాతల నాటి పొలాలన్నీ ప్లాట్లయిపోయాయి. ఇప్పుడు పక్కవాళ్ల పొలాల్లో వేసిన ప్లాట్లు అమ్మిపెట్టడం అతని పని. "హైవేకు అయిదే నిమిషాలు సార్" అని కస్టమర్లకు చెబుతాడు. ఆ అయిదు నిమిషాలు ఏ వాహనంలోనో చెప్పడు. ఇంట్లో భార్య బిందు, నాయనమ్మ సిద్దమ్మ ఉంటారు. నాయనమ్మను అతను అవ్వ అంటాడు.

కారు మాట మొదట ఎత్తింది అవ్వే. ఆమె చెల్లెలు సత్తెమ్మ శామీర్‌పేటలో ఉంటుంది. ఏమంత దూరం? మేడ్చల్‌లో చాయ్ తాగి బయల్దేరితే రెండో చాయ్ అక్కడ తాగొచ్చు. అయినా అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకోక ఏళ్లు గడిచాయి. అవ్వ మోకాళ్లు అరిగిపోయాయి. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, సంతోషమే. కానీ మొదటి మెట్టు అంత ఎత్తున ఉంటే ఫ్రీ ప్రయాణం ఏం చేసుకోవాలి?

ఆటోలో పోతానంటే భాస్కర్ ఒప్పుకోడు. "కిరాయి ఆటోల పోతవా అవ్వా? నలుగురు సూస్తే ఏమనుకుంటరు?" అంటాడు. ప్లాట్లు అమ్మేవాడికి పరువే పెట్టుబడి కదా!

అందుకని అక్కాచెల్లెళ్లు ఫోన్‌లో కలుసుకునేవారు. ఇద్దరికీ వినికిడి తక్కువ. స్పీకర్ ఆన్ చేసుకుని, ఒకరు చెప్పింది ఒకరు వినకుండా కావలసినంత సేపు మాట్లాడుకుని, తృప్తిగా పెట్టేసేవారు. ఒకరోజు మాత్రం ఫోన్ పెట్టేశాక అవ్వ ముఖం చిన్నబుచ్చుకుని అలాగే కూర్చుంది.

"ఫోన్ల మొకం కనవడదు గదరా బిడ్డా. దాన్ని ఒక్కపారి కండ్లార సూడాలె. పక్కకు కూసుండి కడుపునిండ తిట్టాలె. ఉన్ననాడే గద సూస్కునేది. నా పేరు మీదున్న జాగ అమ్ము. కారు కొను," అంది.

భాస్కర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. ఆ నీళ్లు ఆరకముందే ఫోన్ తీసి, కార్లున్న వాళ్లందరికీ మెసేజ్ పెట్టాడు.

మొదట వచ్చినవాడు గోపాలరావు. అదే వీధిలో డూప్లెక్స్ ఇల్లు ఆయనది. చాన్నాళ్లుగా క్రాసోవర్ నడుపుతున్నాడు. క్రాసోవర్ అంటే తెలియని అమాయకుల కోసం చెప్పాలి: జీపు కావాలని ఆశపడి కారుగా మిగిలిపోయిన బండి అది. ఫ్యామిలీ కోసమని కొంటారు, ఫ్యామిలీ తప్ప మిగతా అందరినీ అడిగి కొంటారు.

"బండిల అన్నిటికంటె ముందుగాల సూడాల్సింది ఏంది భాస్కరూ?" అన్నాడు గోపాలరావు.

"ఇంజనా అన్నా?"

"గ్రౌండ్ క్లియరెన్స్! కింద ఎంత ఖాళీ ఉన్నదో గది సూడాలె. మీద ఏమున్నా లేకున్నా నడుస్తది."

ఆయన మాటలో అనుభవం ఉంది. వాళ్ల వీధిలో ఒక ఆచారం ఉంది మరి. ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ స్లాబ్ పోయగా మిగిలిన కంకర, సిమెంటు పారేయకుండా తన గేటు ముందు రోడ్డుకు అడ్డంగా ఒక స్పీడ్ బ్రేకర్ పోయించుకుంటాడు. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. మేస్త్రీలు కూడా అడగకుండానే పోసేస్తారు, గృహప్రవేశానికి గుమ్మడికాయ కట్టినట్టు. ఇంటి హోదాను బట్టి బ్రేకర్ ఎత్తు. గోపాలరావుది డూప్లెక్స్ కాబట్టి, ఆయన బ్రేకర్ మీదికెక్కిన స్కూటర్ వాడికి పక్కింటి మేడ మీద ఎండబోసిన మిరపకాయలు కనిపిస్తాయి. తాను పోయించిన బ్రేకర్ తానే దాటలేక చిన్న కారు అమ్మేసి పెద్దది కొన్న మనిషి ఆయన. ఇలాంటివాడి మాట వినకపోతే ఇంకెవరి మాట వింటాం చెప్పండి?

రెండో ఓనర్ యోబు. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. భాస్కర్ అతన్ని బస్టాప్‌లో పట్టుకున్నాడు.

"నా బండిని మించిన బండి లేదన్నా. కొన్న కాడికెల్లి ఒక్క ప్రాబ్లం రాలే," అన్నాడు యోబు.

"మరి బస్టాప్‌ల ఉన్నవేంది?"

"బండి షెడ్డుల ఉన్నది. ఏందో పార్ట్ వస్తలేదట, నెలాయె. గది బండి తప్పు కాదన్నా!"

ఇక్కడ ఆగి ఒక సత్యం గ్రహించాలి పాఠకులారా. సొంత కారును తిట్టుకున్న ఓనర్ చరిత్రలో లేడు. ప్రభుత్వాన్ని తిడతాడు, రోడ్డును తిడతాడు, అల్లుణ్ణి తిడతాడు, కారును మాత్రం తిట్టడు. తిడితే తన తెలివిని తాను తిట్టుకున్నట్టే కదా! ఇంత నమ్మకంగా మాట్లాడేవాళ్లు ఉన్న దేశంలో మనం ఇంకా అనుమానాలు పెట్టుకోవడం పాపం.

యోబు ఒక రహస్యం కూడా చెప్పాడు. మంచి బండి డోరు వేస్తే "ధబ్" అనాలట. "టప్" అంటే కొనొద్దట. ఆ తర్వాత వారం మేడ్చల్‌లో ఏదో పెళ్లికి వెళ్లిన భాస్కర్, అక్షింతలు వేయడం మాని ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో నిలబడ్డాడు. దిగేవాళ్లనూ ఎక్కేవాళ్లనూ బతిమాలి వాళ్ల కార్ల డోర్లు తీసి వేసి చూశాడు. చివరికి పెళ్లికొడుకు కారు డోరు కూడా వేసి చూశాడు. లోపల పెళ్లికొడుకు ఉన్నాడు. అది "టప్" అంది. పాపం, ఆ పిల్లవాడి భవిష్యత్తు తలచుకుని భాస్కర్ రెండు రోజులు బాధపడ్డాడు.

మూడో అభిప్రాయం బావమరిది హరీష్‌ది.

"బావా, సన్‌రూఫ్ లేకుంటె అది కారు కాదు, రేకు డబ్బా."

"మన దిక్కు ఎండలకు సన్‌రూఫ్ ఎందుకురా?"

"ఎండకు కాదు బావా! రేపు నువ్వు వార్డుల నిలవడ్డవనుకో. మీదికెల్లి బయటికొచ్చి చెయ్యి ఊపాలె గదా?"

వార్డులో నిలబడే ఆలోచన భాస్కర్‌కు అప్పటిదాకా కలలో కూడా లేదు. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి చెయ్యి ఊపి చూసుకున్నాడు. బాగానే ఉంది. కారు రాకముందే రాజకీయ జీవితం వచ్చేసింది! సొంత బుర్ర వాడి ఉంటే ఇది దక్కేదా?

అంతటితో చాలనుకోలేదు భాస్కర్. తన దగ్గర లేని కార్లకు సంబంధించిన ఓనర్ల గ్రూపులన్నింటిలో చేరిపోయాడు. పొద్దున లేస్తే టార్క్, రాత్రి పడుకుంటే టర్బో. మైలేజీ గురించి ఒకరు ఇరవై అంటే ఇంకొకరు పన్నెండు అనేవారు. ఇద్దరూ దేవుడి మీద ఒట్టేసేవారు. క్రమంగా భాస్కర్ కూడా అభిప్రాయాలు చెప్పడం మొదలుపెట్టాడు. చేతిలో బైకు తాళం తిప్పుకుంటూ, గుల్బర్గాలో ఎవరో కొత్త ఓనర్‌కు గేర్‌బాక్స్ గురించి ధైర్యం చెప్పేవాడు. ఆయన థాంక్యూ సార్ అనేవాడు.

ఈ చర్చలన్నీ జరిగేది ఇంటి వరండాలోనే. పక్కన మంచం మీద అవ్వ కూర్చుని వినేది. మధ్యలో ఎప్పుడైనా గొంతు సవరించుకుని, "నాకు ఎక్కనీకి వస్తదా బిడ్డా?" అని అడిగేది.

"జర ఆగు అవ్వా. ఓనర్లతోని మాట్లాడుతున్న గదా," అనేవాడు భాస్కర్.

అవ్వ ఆగేది. మళ్లీ ఇంకోరోజు అడిగేది. మళ్లీ ఆగమనేవారు. బిందు ఒకసారి, "అవ్వను ఒకపారి షోరూంకు తీస్కపోయి కూసవెట్టి సూడరాదుండ్రి," అంది కూడా. మంచి మాటే. కానీ టెస్ట్ డ్రైవ్ నాడు ముందు సీట్లో గోపాలరావు, వెనక యోబు, హరీష్, వాళ్ల మధ్య ఒదిగి షోరూం అతను కూర్చున్నారు. అయిదు సీట్ల బండిలో అభిప్రాయాలకే చోటు సరిపోలేదు, అవ్వను ఎక్కడ కూర్చోబెడతారు?

టెస్ట్ డ్రైవ్ అద్భుతంగా జరిగింది. గోపాలరావు బ్రేకర్ మీద బండిని ముందుకూ వెనక్కీ నడిపి చూశారు. కింద ఎక్కడా తగల్లేదు. డోరు "ధబ్" అంది. సన్‌రూఫ్ తెరుచుకుంది. ఇంకేం కావాలి? జాగ అవ్వది కాబట్టి బండి కూడా అవ్వ పేరు మీదే తీసుకున్నారు. షోరూంలో ముసుగు తీసి, కేకు కోసి, చేతుల్లో అట్టతో చేసిన పెద్ద తాళం చెవి పట్టుకుని ఫొటో దిగారు. ఫొటోలో నలుగురు ఓనర్లూ నవ్వుతున్నారు. అవ్వ ఇంట్లో మక్క గారెలకు పిండి రుబ్బిస్తోంది, చెల్లెలి కోసం.

మర్నాడు పొద్దున ప్రయాణం. అవ్వ జరీ అంచు చీర కట్టింది. గారెల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎప్పుడెప్పుడా అని కూర్చుంది. బండి గేటు ముందుకు వచ్చింది. వీధి వీధంతా వచ్చింది. అవ్వ బండి దగ్గరకు నడిచి, డోరు పట్టుకుని, కుడికాలు ఎత్తింది.

కాలు సగం దాకా లేచింది. అక్కడ ఆగింది. అవ్వ ఆ కాలి వైపు చూసింది, బండి వైపు చూసింది, మనవడి వైపు చూసింది.

"బిడ్డా! గా బస్సు మెట్టు గుడ గింతే ఎత్తుండె గదరా! అండ్ల టికెట్ గుడ లేకుండె!"

ఓనర్లందరూ ఒకేసారి సలహాలు మొదలుపెట్టారు. ముందు కూర్చుని తర్వాత కాళ్లు తిప్పమన్నాడు గోపాలరావు. కూర్చోవాలంటే ముందు అంత ఎత్తుకు చేరాలి కదా అని బిందు అంది. ఎడమకాలు ముందు పెట్టమన్నాడు యోబు. హరీష్ సన్‌రూఫ్ వైపు చూశాడు గానీ, నోరు మూసుకున్నాడు. భాస్కర్ వెనకనుంచి నెడితే, బిందు లోపలనుంచి లాగింది. అవ్వ మధ్యలో "అరెరె, నేను బియ్యం బస్తనారా!" అని కేకలేసింది.

స్టూలు తెచ్చారు. "నాలుగు కాళ్లున్నదాని మీద ఎక్కి ఒకపారి కాలిరగ్గొట్టుకున్న. మల్ల ఎక్క," అంది అవ్వ. ఇటుకలు పేర్చారు. అవ్వ కాలితో తట్టింది. కదిలాయి. "నేను కదిలితే చాలు, ఇవి గుడ ఎందుకు?" అంది.

అప్పుడు భాస్కర్ బుర్రలో, కారు విషయంలో మొట్టమొదటిసారి, ఒక సొంత ఆలోచన పుట్టింది. గోపాలరావు బ్రేకర్!

బండిని తీసుకెళ్లి ముందు టైర్లు బ్రేకర్‌కు ఆవల, వెనక టైర్లు ఈవల ఉండేలా నిలబెట్టారు. అవ్వను చెయ్యి పట్టుకుని మెల్లగా బ్రేకర్ మీదికి నడిపించారు. ఇప్పుడు బండి మెట్టు అవ్వ కాలికి అందింది. ఒక్క అడుగు వేసి మహారాణిలా కూర్చుంది! వీధంతా చప్పట్లు కొట్టింది. గోపాలరావు ఛాతీ విరుచుకున్నాడు. బ్రేకర్ దాటడానికి ఎత్తు బండి కావాలి, ఎత్తు బండి ఎక్కడానికి బ్రేకర్ కావాలి. సృష్టిలో ఏదీ వృథా కాదంటారు, ఇందుకే.

దారిలో అవ్వ పిల్లలా కిటికీలోంచి చూస్తూనే ఉంది. శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర మైసమ్మకు కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అవ్వ కారులోంచే దండం పెట్టుకుంది. దిగితే ఏమవుతుందో అప్పటికి అందరికీ తెలిసిపోయింది.

సత్తెమ్మ ఇంటి ముందు మాత్రం దిగక తప్పలేదు. దిగడం పెద్ద కష్టం కాలేదు. సీటు మీదనుంచి జారితే చెల్లెలి చేతుల్లో పడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు తడుముకున్నారు. "ఎంత బక్కగైనవే!" అని అక్క తిట్టింది. "నువ్వేమన్న పచ్చగున్నవా!" అని చెల్లెలు తిట్టింది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. భాస్కర్ పక్కకు తిరిగి, లేని దుమ్మును బండి అద్దం మీద తుడిచాడు. అది చూడడానికే కదా కారు కొన్నది.

సాయంత్రం బయల్దేరే వేళయింది. అవ్వ కాలు ఎత్తింది. కాలు సగంలో ఆగింది. సత్తెమ్మ ఇంటి ముందు రోడ్డు నున్నగా, చదునుగా, అరచేయిలా ఉంది. ఒక్క బ్రేకర్ లేదు! ఇలాంటి వెనకబడ్డ ప్రాంతాలు ఇంకా ఉన్నాయి.

భాస్కర్ ఓనర్ల గ్రూపులో అడిగాడు. ఒకరు టైర్లలో గాలి తగ్గించమన్నారు. ఒకరు "మాది మీకన్నా ఎత్తు" అని ఫొటో పెట్టారు. ఒకరు ఆ సాయంత్రం పూట గుడ్ మార్నింగ్ అన్నారు.

"రెండు బస్తల సిమెంట్ తెచ్చి ఈడ ఒక చిన్న బ్రేకర్ పోయిస్త చిన్నవ్వా," అన్నాడు భాస్కర్ సత్తెమ్మతో.

"మా ఇంటి ముందట గుట్టలు పోస్తె నేనూకోను," అంది సత్తెమ్మ.

అటుగా పోతున్న ఒక ఆటోను బిందు ఆపింది. ఆటో మెట్టు జానెడు ఎత్తు కూడా లేదు. అవ్వ దాన్ని కిందినుంచి మీదిదాకా చూసి, చెల్లెలి వైపు ఓరగా చూసి, వెనక్కి నడిచి ఇంటి గడప మీద నింపాదిగా చతికిలబడింది.

"సొంత బండుండంగ కిరాయి ఆటోల పోతనారా? నలుగురు సూస్తే ఏమనుకుంటరు?"

భాస్కర్ ఆటోవాణ్ణి పంపేశాడు. ఆ ప్రశ్న అతనిదే. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అట్లా అవ్వ శామీర్‌పేటలో ఉండిపోయింది. భాస్కర్ ఆదివారం ఆదివారం బండి తీసుకుని వెళ్తాడు. అవ్వ ఆదివారం ఆదివారం కాలు ఎత్తి చూపిస్తుంది. కాలు సగంలో ఆగుతుంది. ఆ కాలితోనే మధ్యాహ్నం చెరువు కట్ట దాకా చెల్లెలితో నడిచి వచ్చిందని పక్కింటివాళ్లు చెబుతారు. గిట్టనివాళ్ల మాటలు మనమెందుకు పట్టించుకోవాలి?

మొన్న భాస్కర్‌ను ఎలీషా పట్టుకున్నాడు. వెనక వీధిలో ఉంటాడు, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. వాళ్లమ్మ పెంటమ్మకు ఆదివారం చర్చి దాకా నడవడం కష్టమవుతోంది. ఆమె కోసం కారు కొనాలి.

"అన్నా, నిజం జెప్పు. బండెట్లున్నది?"

భాస్కర్ నోరు తెరిచాడు. ఒక్క క్షణం నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అప్పటికే అతను ఓనర్ల జాతిలో కలిసిపోయాడు.

"సూపర్ తమ్ముడూ! ఒక్క ప్రాబ్లం లేదు. గ్రౌండ్ క్లియరెన్స్ అయితే మస్తు."

"మరి అవ్వ కనవడ్తలేదేందన్నా?"

"శామీర్‌పేటల ఉన్నది. గది బండి తప్పు కాదు!"

ఎలీషా తెలివైనవాడు. ఒక్కరి మాట నమ్మే రకం కాదు. బండి ఎవరి పేరు మీద ఉందో కనుక్కుని, ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని శామీర్‌పేటకు ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టాడు. బండి ఎట్లుందని మూడుసార్లు అరిచి అడిగితే అవ్వకు వినిపించింది.

"మస్తుగున్నది బిడ్డా! దీనసుంటి బండి దునియాల లేదు. మా చెల్లె ఇంటి కాడ దించింది, మల్ల ఎక్కనిస్తలేదు. పొద్దుగాల లేస్తే ఇద్దరం కొట్లాడుకుంటున్నం. నా మాటిని గిదే కొను!"

వెనకనుంచి సత్తెమ్మ నవ్వు వినిపిస్తోంది. పక్కన చాట ముందు పెట్టుకుని పాలకూర తుంపుతున్న పెంటమ్మ తలెత్తింది.

"బిడ్డా ఎలీషా, నాకు ఎక్కనీకి వస్తదేమో అడుగురా."

ఎలీషా ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు జర ఆగమ్మా. ఓనర్‌తోని మాట్లాడుతున్న గదా!"